గంట ముందే మూసుకునే మార్కెట్, అరగంట ముందు అందే హెచ్చరిక: సీఈఆర్‌సీకి, గ్రిడ్ ఇండియాకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ (సీఈఆర్‌సీ) చైర్‌పర్సన్‌కు, సభ్యులకు,
దేశ విద్యుత్ గ్రిడ్‌ను నడిపే గ్రిడ్ ఇండియా అధికారులకు,
తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ట్రాన్స్‌కోలకు, ఎక్కడి నుంచి ఎక్కడికి ఎంత కరెంటు పంపాలో చూసే లోడ్ డిస్పాచ్ సెంటర్లకు,

నమస్కారం.

నేను ట్రాన్స్‌మిషన్‌లో పనిచేసి రిటైరైన ఇంజినీర్‌ని. సర్వీసులో ఎక్కువ భాగం 400 కేవీ సబ్‌స్టేషన్లలో షిఫ్టు డ్యూటీలకే పోయింది. సూర్యుడి మీద పుట్టే తుఫాను మన గ్రిడ్‌ను తాకిన రోజున ఎవరు ఏం చెయ్యాలి, దానికయ్యే ఖర్చు ఎవరు భరించాలి అన్నది ముందే కాగితం మీద ఉండాలని కోరుతూ మీ అందరికీ కలిపి ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా టైము సంగతి. అప్పటికప్పుడు కావాల్సిన కరెంటును కొని అమ్మే మన రియల్ టైమ్ మార్కెట్ 2020 జూన్ 1న మొదలైంది. రోజుకు 48 వేలాలు. అర్ధరాత్రి 12 నుంచి 12.30 దాకా కావాల్సిన కరెంటుకు రాత్రి 10.45 నుంచి 11 గంటల లోపు బిడ్ వెయ్యాలి. అంటే సరఫరాకు గంట ముందే తలుపు మూసేస్తారు. ఇక సూర్యుడి వైపు చూడండి. అక్కడ పేలుడు జరిగిందని టెలిస్కోపులు ఒకటి నుంచి మూడు రోజుల ముందే చెప్పగలవు. కానీ వస్తున్న ప్లాస్మా (కరెంటు మోసే వేడి వాయువు) మబ్బులోని అయస్కాంత క్షేత్రం ఏ దిక్కుకు తిరిగి ఉందో, అది భూమిని గట్టిగా కొడుతుందో లేక పక్కకు జారిపోతుందో తేలేది మాత్రం ఇక్కడికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, ఎల్1 అనే చోట ఉన్న ఉపగ్రహాలను ఆ మబ్బు తాకినప్పుడే. సెకనుకు 800 కిలోమీటర్ల వేగంతో వచ్చే మబ్బు అక్కడి నుంచి మన దగ్గరికి రావడానికి అరగంట చాలు. మరీ ఉధృతమైన వాటికి పావుగంట కూడా అక్కర్లేదు.

నికరమైన కబురు అందేసరికి దేశంలో ఆఖరి కరెంటు బజారు కూడా మూసేసి ఉంటుంది. ఇక మిగిలేది కంట్రోల్ రూమ్‌లో షిఫ్టులో ఉన్న ఇంజినీరు, ఆయన చేతిలో ఫోను. లైన్ల మీద లోడు తగ్గించమనాలా, ఖరీదైన యూనిట్లను తెప్పించాలా, రేపు ఆడిట్‌లో ఎవరైనా అడిగితే ఏ క్లాజు చూపించాలి అని ఆయన ఆ అరగంటలో టెన్షన్ పడుతూ ఆలోచించుకోవాల్సిన పరిస్థితి రాకూడదు. నా బాధంతా ఇదే.

ఈ తుఫాను ఎలా దెబ్బ కొడుతుందో తెలియని వాళ్ల కోసం నాలుగు మాటలు. ప్లాస్మా మబ్బు తాకినప్పుడు భూమి అయస్కాంత క్షేత్రం ఊగిపోతుంది. ఊగే అయస్కాంత క్షేత్రం నేలలో ఓల్టేజీ పుట్టిస్తుంది. కిలోమీటరుకు ఒకటి రెండు ఓల్టులే కావచ్చు. కానీ మన లైన్లు వందల కిలోమీటర్ల పొడవు. రెండు చివర్లా ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ (మూడు ఫేజులూ కలిసే చోటు) భూమికి కలిపి ఉంటుంది. కింద రాతినేల కరెంటును పోనివ్వకపోతే, కాలువలో నీళ్లు పల్లం వెతుక్కున్నట్టు ఆ కరెంటు న్యూట్రల్ గుండా ఎక్కి మన కండక్టర్ల దారి పట్టుకుంటుంది. అది నిమిషాల తరబడి ఒకే దిక్కుకు పారుతుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్‌కు అది డీసీ కిందే లెక్క. 50 సైకిళ్ల ఏసీ కోసం కట్టిన కోర్‌లోకి డీసీ దూరితే ప్రతి సైకిల్‌లో ఒక సగంలో కోర్ సాచురేట్ అవుతుంది, అంటే ఇంకా అయస్కాంతాన్ని మోయలేని స్థితికి వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటుంది, హార్మోనిక్స్ (50 సైకిళ్లకు రెట్లలో ఉండే అదనపు కంపనాలు) కక్కుతుంది, ఓల్టేజీని నిలబెట్టే రియాక్టివ్ పవర్ మింగేస్తుంది, లోపల ఎక్కడో ఒక మూల మాడుతుంది.

1989 మార్చి 13న కెనడాలోని క్యుబెక్‌లో జరిగిందదే. జేమ్స్ బే నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరం 735 కేవీ లైన్లలో కరెంటు దక్షిణాదికి వచ్చేది. కింద గట్టి రాతినేల. తెల్లవారుజామున 2.44కి తుఫాను ఉధృతమైంది. ఓల్టేజీని నిలబెట్టడానికి పెట్టిన స్టాటిక్ వార్ కంపెన్సేటర్లు ఏడూ హార్మోనిక్స్‌ను చూసి లోపలేదో ఫాల్ట్ ఉందనుకుని ఒకదాని వెంట ఒకటి ట్రిప్ అయ్యాయి. ఒకటిన్నర నిమిషంలో రాష్ట్రం మొత్తం చీకటైంది. 60 లక్షల మందికి దాదాపు 9 గంటలు కరెంటు లేదు. అక్కడి ఇంజినీర్లు చేతగాని వాళ్లు కారు. ఆ రిలేల సెట్టింగులు పెట్టినప్పుడు వాళ్లకు ఈ ప్రమాదం తట్టలేదు, అంతే. తర్వాత లైన్లలో సిరీస్ కెపాసిటర్లు పెట్టారు, ట్రిప్ సెట్టింగులు మార్చారు. సిరీస్ కెపాసిటర్ డీసీని పోనివ్వదు. మన దగ్గర కూడా కొన్ని 400 కేవీ లైన్లలో అవి ఉన్నాయి. ఒక లైనును అలా మూస్తే ఆ కరెంటు పక్క లైనులోకి మళ్లుతుంది కాబట్టి ఏ లైను ఎంత మోస్తుందో లెక్కకట్టి చూడాల్సిందే.

ఇదే తుఫానులో న్యూజెర్సీలోని సేలం అణు విద్యుత్ కేంద్రంలో ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ లోపల మాడిపోయి, దాన్ని మార్చాల్సి వచ్చింది. అక్కడ బ్లాకౌట్ రాలేదు, పోయింది ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే. ఈ రోజుల్లో అంత పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఆర్డరిస్తే చేతికి రావడానికి రెండేళ్లు కూడా పట్టొచ్చని మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడ ప్రతిసారీ వినిపించే మాట ఒకటుంది: ‘అదంతా ధ్రువాల దగ్గరి దేశాల గొడవ, మనం భూమధ్యరేఖకు దగ్గర, మనకు రాదు’. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. కెనడాకు, స్వీడన్‌కు ఉన్నంత ప్రమాదం మనకు లేదు. హైదరాబాద్‌లో క్యుబెక్ పునరావృతం అవుతుందని నేను అనడం లేదు. కానీ ‘తక్కువ’ అనే మాటకూ ‘లేదు’ అనే మాటకూ మధ్య ఎంత దూరముందో కొలిచిన మీదటే చెప్పాలి.

చరిత్రలో పేరుమోసిన సౌర తుఫాను 1859 సెప్టెంబర్ మొదట్లో వచ్చింది. అమెరికాలో బోస్టన్, పోర్ట్‌లండ్ టెలిగ్రాఫ్ ఆపరేటర్లు బ్యాటరీలు తీసేసి, నేలలో పుట్టిన కరెంటుతోనే సందేశాలు పంపుకున్నారు. ఆ తుఫాను ఎంత పెద్దదో ఇవాళ అంచనా కట్టడానికి శాస్త్రవేత్తలు ఎక్కువగా తిరగేసేది బొంబాయిలోని కొలాబా అబ్జర్వేటరీ రికార్డులనే. అప్పట్లో అక్కడ రీడింగులు చేత్తో రాసుకునేవారు. అక్కడ అయస్కాంత క్షేత్రం దాదాపు 1600 నానోటెస్లాలు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే యూనిట్) పడిపోయింది. 2024 మే 10, 11 తేదీల్లో లద్దాఖ్‌లోని హాన్లే మీద ఆకాశాన్ని ఎర్రగా చేసిన తుఫానుకు ఆ పడిపోవడాన్ని చెప్పే ప్రపంచ సూచీ 400 నానోటెస్లాల చుట్టుపక్కల ఆగింది. ఒకటి ఒక్క చోటి రీడింగు, ఇంకొకటి కొన్ని కేంద్రాల గంట సగటు కాబట్టి పక్కపక్కన పెట్టి భాగహారం చెయ్యకూడదు. అయినా మన నేల మీద ఎంత ఊపు సాధ్యమో కొలాబా చెప్తూనే ఉంది. 1872 ఫిబ్రవరిలో ఇంకో తుఫానుకు బొంబాయిలోనే ధ్రువకాంతి కనబడింది.

చైనా సంగతి చూడండి. 2004 నవంబర్ తుఫానులో గ్వాంగ్‌డాంగ్‌లోని లింగావో అణు విద్యుత్ కేంద్రంలో ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌లో 75 ఆంపియర్లకు పైగా ఈ కరెంటు కొలిచారు. గ్వాంగ్‌డాంగ్ ఎక్కడుంది? ఇంచుమించు కోల్‌కతా ఉన్న అక్షాంశంలోనే. కింద గ్రానైటు, పక్కన సముద్రం. ఈ రెండూ ఉన్న చోట నేల ఓల్టేజీ పెరుగుతుంది. హైదరాబాద్ అంతకంటే దక్షిణాన ఉంది, ఒప్పుకుంటాను. కానీ మన కింద ఉన్నది ధార్వార్ కాలపు పాత రాతినేల. మన కోస్తా పొడవునా శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా లైన్లున్నాయి. పైగా కొసన తిరునెల్వేలి చుట్టుపక్కల భూ అయస్కాంత మధ్యరేఖ పోతుంది. దాని మీద 100 కిలోమీటర్ల ఎత్తున పగటిపూట ఎలక్ట్రోజెట్ అనే కరెంటు ప్రవాహం ఉంటుంది. తుఫాను మొదటి దెబ్బ పగలు తగిలితే ఆ ప్రవాహం దాన్ని పెంచి చూపిస్తుంది. తమిళనాడు, కేరళ మన దక్షిణ గ్రిడ్‌లోవే. అక్కడ ఓల్టేజీ కుదుపు వస్తే చిత్తూరులో తెలుస్తుంది.

2003 అక్టోబర్ చివరి తుఫాను తర్వాత దక్షిణాఫ్రికాలో ఏం జరిగిందన్నది నాకు ఇంకా ముఖ్యం. స్వీడన్‌లోని మాల్మోలో ఆ రాత్రి కరెంటు పోయి గంటలోపే తిరిగి వచ్చింది, అది అందరికీ తెలిసింది. దక్షిణాఫ్రికాలో ఆ రోజు లైట్లేమీ ఆరలేదు. తర్వాతి నెలల్లో ఎస్కామ్ అనే విద్యుత్ సంస్థ పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు కొన్నింటిలో నూనెలో గ్యాసులు పెరుగుతూ పోయి, అవి ఒక్కొక్కటే పాడయ్యాయి. ఒక్క తుఫానులో కాలకపోయినా ఇన్సులేషన్ అప్పుడు దెబ్బతిని తర్వాత చచ్చుబడుతుంది. అలాంటి ట్రాన్స్‌ఫార్మర్ పోతే లాగ్‌బుక్కులో ‘ఇంటర్నల్ ఫాల్ట్’ అని రాసి ఊరుకుంటాం.

‘మన దగ్గర ఎప్పుడూ రాలేదు కదా’ అనే వాళ్లకు సబ్‌స్టేషన్ లోపలి సంగతి ఒకటి చెప్పాలి. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ బుష్షింగ్ నుంచి ట్యాంకు పక్కగా జీఐ ఫ్లాట్ (జింకు పూసిన ఇనుప పట్టీ) కిందికి దిగుతుంది. రెండు పాయలై రెండు ఎర్త్ పిట్‌లలోకి పోతుంది. ఎండాకాలంలో ఆ పిట్‌లలో నీళ్లు పోయించడం, నట్లు బిగించి ఉన్నాయో లేదో చూడటం, ఏడాదికోసారి రెసిస్టెన్సు కొలవడం మా పని. ఆ న్యూట్రల్ మీద కరెంటును కొలిచే సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) ఒకటి ఉంటుంది. దాని నుంచి ప్రొటెక్షన్ రిలేకు వైరు పోతుంది. మామూలు సీటీ ఏసీని మాత్రమే చూస్తుంది, డీసీకి అది గుడ్డిది. అంటే తుఫాను రాత్రి ఆ జీఐ ఫ్లాట్‌లో 30 ఆంపియర్లు పారినా కంట్రోల్ రూమ్ ప్యానెల్ మీద ఏ ముల్లూ కదలదు. షిఫ్టులో ఉన్నవాడికి కనబడేది ఎంవార్‌లు (రియాక్టివ్ పవర్ కొలత) ఎందుకో పెరగడం, వైండింగ్ టెంపరేచర్ నాలుగు డిగ్రీలు ఎక్కడం, యార్డులోకి వెళ్తే హమ్మింగ్ మారడం. గంటకోసారి రాసే లాగ్‌షీట్‌లో ఇవి వేర్వేరు గళ్లలో పడతాయి. పొద్దునకల్లా అన్నీ మామూలైపోతాయి. ఎవరూ కలిపి చూడరు. చూడగలిగే మీటరు పెట్టకుండా ‘ఎప్పుడూ చూడలేదు’ అని ధైర్యంగా ఉండటం సరికాదు.

న్యూజిలాండ్‌కు ఈ విషయంలో ఒక మేలు కలిసొచ్చింది. వాళ్ల హెచ్‌వీడీసీ (హై ఓల్టేజీ డీసీ) లైను భూమి గుండా కరెంటు పంపినప్పుడు అది చుట్టుపక్కల ట్రాన్స్‌ఫార్మర్లలోకి దూరుతుందేమోనని న్యూట్రల్స్‌లో డీసీ కొలిచే మీటర్లు పెట్టుకున్నారు. 2001 నవంబర్ 6న డునెడిన్‌లోని ఒక సబ్‌స్టేషన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ తుఫాను తాకిన నిమిషంలోనే దెబ్బతిన్నప్పుడు ఆ మీటర్ల రికార్డు చేతిలో ఉంది. దాన్ని పట్టుకుని లెక్కలు కట్టారు, ఏ లైను తీస్తే ఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఉపశమనమో పట్టిక తయారు చేసుకున్నారు. 2024 మే తుఫానులో అక్కడి గ్రిడ్‌ను నడిపే ట్రాన్స్‌పవర్ సంస్థ ఆ పద్ధతి ప్రకారం కొన్ని లైన్లను ముందుజాగ్రత్తగా తీసేసి తుఫానును దాటించింది. హెచ్‌వీడీసీ లైన్లు మనకూ ఉన్నాయి, తాల్చేర్–కోలార్ నుంచి రాయ్‌గఢ్–పుగలూర్ దాకా.

మనకు ఇది ఇప్పుడే ఎందుకంటే మన గ్రిడ్ స్వరూపమే మారిపోయింది. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది, తూర్పు, ఈశాన్యం చీకట్లో మునిగినప్పుడు దక్షిణాదికి ఏమీ కాలేదు. అప్పటికి మనం హెచ్‌వీడీసీ ద్వారా తప్ప మిగతా దేశంతో కలిసి లేము. 2013 డిసెంబర్ 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో కలిశాం. ఆ తర్వాత అంగుల్–శ్రీకాకుళం–వేమగిరి, వార్ధా–నిజామాబాద్–మహేశ్వరం, ఇంకా ఎన్నో వచ్చాయి. ఇవి రావడం మంచిదే, కోతలు తగ్గాయి. కానీ పొడవైన, రెసిస్టెన్సు తక్కువైన ఏసీ లైన్లే ఈ తుఫానుకు అనువైన దారి. 765 కేవీ ట్రాన్స్‌ఫార్మర్లు ఒక్కో ఫేజుకు ఒక్కోటిగా కట్టినవి. మూడు లింబుల కోర్ ఉన్న పాత రకం కంటే అవి డీసీకి తొందరగా సాచురేట్ అవుతాయి.

ఇంకో సంగతి ఉంది. ఆ 2012 జులైలోనే, మన బ్లాకౌట్‌కు వారం ముందు, 23వ తేదీన సూర్యుడి నుంచి 1859 నాటి తుఫానుకు సాటి వచ్చే పేలుడు ఒకటి బయల్దేరింది. భూమి దాని దారిలో లేదు. స్టీరియో–ఏ అనే ఉపగ్రహాన్ని మాత్రం అది తాకింది. ఒక వారం ముందు పేలి ఉంటే మన మీదికే వచ్చేదని దాన్ని పరిశీలించిన శాస్త్రవేత్తలు చెప్పారు. మన బ్లాకౌట్‌కూ దానికీ ఏ సంబంధమూ లేదు. రెండూ ఒకే వారంలో జరిగి ఉంటే అన్న ఊహ మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఇక మార్కెట్. కమిషన్ పెద్దలు దీన్ని శ్రద్ధగా చదవాలని ప్రత్యేకంగా కోరుతున్నాను.

తుఫాను గ్రిడ్‌ను పడగొట్టకపోయినా కరెంటు ధరను పెంచగలదు. ట్రాన్స్‌ఫార్మర్లు రియాక్టివ్ పవర్ మింగేస్తే ఓల్టేజీ పడుతుంది. ఓల్టేజీ పడితే లైన్ల మీద పంపగలిగే మెగావాట్లు తగ్గించాలి. దూరం నుంచి వచ్చే చౌక కరెంటు ఆగిపోతుంది, దగ్గర్లో ఉన్న ఖరీదైన యూనిట్ తిప్పాల్సి వస్తుంది. అమెరికాలో పీజేఎం అనే హోల్‌సేల్ కరెంటు మార్కెట్ మీద ఫోర్బ్స్, సెయింట్ సిర్ అనే పరిశోధకులు 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. 2000 జూన్ నుంచి 2001 డిసెంబర్ దాకా సౌర తుఫానుల ప్రభావం వల్ల అక్కడ హోల్‌సేల్ ధర సుమారు 3.7 శాతం పెరిగిందని, అది 50 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని వాళ్లు లెక్కగట్టారు. గణాంకాల మీద కట్టిన లెక్క కాబట్టి 3.7ను నేను వేదవాక్కుగా తీసుకోను. కానీ ఆ దారి ఉందన్నది ఏ డిస్పాచ్ ఇంజినీరైనా ఒప్పుకుంటాడు.

మనకు ఆ దారి కొత్త కూడా కాదు. కారిడార్ చాలని రోజుల్లో పవర్ ఎక్స్ఛేంజీలో ఉత్తరాదిన ఒక ధర, దక్షిణాదిన దానికి చాలా పైన ఇంకో ధర పలికిన సంగతి మన డిస్కంలకు బాగా గుర్తు. రేపు ఒక తుఫాను హెచ్చరిక మీద దక్షిణాదికి వచ్చే లైన్ల మీద లోడు తగ్గిస్తే తెలుగు రాష్ట్రాలు ఉన్న ఎస్1 అనే మార్కెట్ ఏరియాలో ధర ఎగిసి, మీరు పెట్టిన యూనిట్‌కు 10 రూపాయల గరిష్ఠ పరిమితి దగ్గరికి పోతుంది. డిస్కం ఆ రేటుకు కొంటుంది. అది రెండు నెలలకో మూడు నెలలకో సర్దుబాటు ఛార్జీగా మన బిల్లులోకి వస్తుంది. వ్యవసాయానికి ఉచిత కరెంటు ఇస్తున్నాం కాబట్టి ఆ వాటా ప్రభుత్వం మీద పడుతుంది. ఇంత ఖర్చు పెట్టాక తుఫాను పక్కకు జారిపోయిందనుకోండి, అందరూ షిఫ్టు ఇంజినీరును వేలెత్తి చూపుతారు. ఒకసారి అలా జరిగితే రెండోసారి నిజమైన తుఫానుకు ఏ ఇంజినీరూ చెయ్యి ఎత్తడు.

విద్యుత్ చట్టం 2003లోని 29వ సెక్షన్ ప్రకారం రీజినల్ లోడ్ డిస్పాచ్ సెంటర్ ఆదేశాన్ని అందరూ పాటించాల్సిందే. అధికారం ఉంది. ఆ అధికారాన్ని ఎప్పుడు వాడాలన్నది, వాడితే డబ్బు లెక్క ఎలా తేలుతుందన్నది పేరు పెట్టి రాయమంటున్నాను. నా ఆలోచన ఇది. రెండు మెట్లు పెట్టండి. సూర్యుడి మీద పేలుడు మన వైపు బయల్దేరిందని తెలిసిన రోజున ఖర్చు తక్కువ పనులు మాత్రమే చెయ్యాలి: మెయింటెనెన్సుకు తీసిన లైన్లను తిరిగి సర్వీసులోకి తేవడం, కొత్త షట్‌డౌన్లు వాయిదా వెయ్యడం, శ్రీశైలం, నాగార్జున సాగర్ లాంటి చోట్ల జల విద్యుత్ యూనిట్లను సిద్ధంగా ఉంచడం, ముఖ్యమైన సబ్‌స్టేషన్లకు మనుషులను పంపడం. ఇవన్నీ డే అహెడ్ (ఒక రోజు ముందే కొనే) మార్కెట్‌లో సర్దుకునే టైము ఉన్న పనులు. ఎల్1 నుంచి కబురు వచ్చాక చేసేవి రెండో మెట్టు. అక్కడ మార్కెట్‌కు పని లేదు. లోడ్ డిస్పాచ్ సెంటర్ తనే లైన్ల మీద పరిమితులు తగ్గిస్తుంది, రిజర్వులను పిలుస్తుంది. ఆ గంటల్లో ఆదేశం మేరకు షెడ్యూలు తప్పిన జనరేటర్‌కూ డిస్కంకూ డీవియేషన్ ఛార్జీలు వెయ్యకండి. ఖరీదైన యూనిట్ తిప్పినందుకు అయ్యే అదనాన్ని దేశమంతా పంచుకునే నిధి నుంచి ఇవ్వండి. గ్రిడ్ అందరిదీ అయినప్పుడు దాన్ని కాపాడిన ఖర్చు ఒక్క దక్షిణాది డిస్కంల నెత్తిన పడటం న్యాయం కాదు.

దీనికి ఆనుకుని ఇంకో విషయం. ఎల్1 హెచ్చరిక కరెంటు వ్యాపారికి డబ్బు లాంటి సమాచారం. సౌర గాలి డేటాను నిమిషం నిమిషం చూసుకునే పెద్ద కంపెనీకీ, అది చూడలేని చిన్న డిస్కంకూ ఒకే వేలంలో కూర్చోబెట్టి బిడ్ వెయ్యమంటున్నాం. హెచ్చరిక ఎవరికి ముందు అందితే వాళ్లకు లాభం. అందుకే గ్రిడ్ ఇండియా వెబ్‌సైట్‌లో, మూడు ఎక్స్ఛేంజీల స్క్రీన్ల మీద అందరికీ ఒకే క్షణంలో కనబడేలా ఒకే హెచ్చరిక ఇవ్వండి.

అమెరికాలో 2013లో ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్ ఆర్డర్ 779తో గ్రిడ్ కంపెనీలు పాటించాల్సిన ఇలాంటి నియమాలు రాయమని ఆదేశించింది. బ్రిటన్ తన జాతీయ ప్రమాదాల జాబితాలో దీన్ని చేర్చింది. వాళ్ల నంబర్లు మనకు పనికిరావు. వాళ్ల నేల వేరు, అక్షాంశం వేరు. మన నంబర్లు మనమే కట్టుకోవాలి, కట్టగలిగే వాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు. ఉప్పల్ రోడ్డులోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) దశాబ్దాలుగా హైదరాబాద్‌లో, చౌటుప్పల్‌లో భూ అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తోంది. నేల లోతుల్లో రాళ్లు కరెంటును ఎంత పోనిస్తాయో చెప్పే మాగ్నెటోటెల్యూరిక్ సర్వేలు చేసిన అనుభవం వాళ్లకుంది. ఐఐజీకి (భారత భూ అయస్కాంత పరిశోధన సంస్థకు) అలీబాగ్ నుంచి విశాఖపట్నం దాకా కేంద్రాలున్నాయి. సూర్యుణ్ని గమనించే ఆదిత్య–ఎల్1 ఉపగ్రహాన్ని 2023 సెప్టెంబర్ 2న మన శ్రీహరికోట నుంచే పంపాం. 2024 జనవరి 6న అది ఎల్1 చేరింది. 2024 మే తుఫానును కూడా నమోదు చేసింది.

బొంబాయిలో ట్రాములకు కరెంటు పెట్టాలనుకున్నప్పుడు ఆ కరెంటు కొలతలను పాడు చేస్తుందని అబ్జర్వేటరీని కొలాబా నుంచి అలీబాగ్‌కు తరలించారు, 1904లో. అప్పుడు కరెంటు వాళ్లకూ అయస్కాంతం వాళ్లకూ దూరం కావాల్సి వచ్చింది. ఇప్పుడు దగ్గరవ్వాలి. చౌటుప్పల్ అబ్జర్వేటరీకీ మహేశ్వరం 765 కేవీ సబ్‌స్టేషన్‌కూ మధ్య పెద్ద దూరమేమీ లేదు. అక్కడి మాగ్నెటోమీటర్ రీడింగు, ఇక్కడి న్యూట్రల్ కరెంటు, రెండూ పక్కపక్కన ఒకే స్క్రీన్ మీద కంట్రోల్ రూమ్‌లో కనబడాలి. మహేశ్వరంతో మొదలుపెట్టి నిజామాబాద్, శ్రీకాకుళం, వేమగిరి, కర్నూలులో న్యూట్రల్స్ మీద డీసీని కూడా చూడగలిగే హాల్ ఎఫెక్ట్ సెన్సర్లు పెట్టించండి. లైను ఆపక్కర్లేకుండానే ఆ జీఐ ఫ్లాట్ చుట్టూ బిగించే రకాలున్నాయి. ఒక ట్రాన్స్‌ఫార్మర్ ధరతో పోలిస్తే ఆ ఖర్చు లెక్కలోకి రాదు. రెండు మూడు తుఫానుల రికార్డు వస్తే చాలు, మనకు భయం అక్కర్లేదో, అక్కరుందో తేలిపోతుంది. అక్కర్లేదని తేలితే నాకంటే సంతోషించేవాడు ఉండడు.

ఇస్రోకు కూడా మీ ద్వారా ఒక విన్నపం. ఆదిత్య పరిశోధన కోసం పంపిన ఉపగ్రహం. దాని సౌర గాలి, అయస్కాంత క్షేత్రం రీడింగులు 24 గంటలూ, ఆలస్యం లేకుండా లోడ్ డిస్పాచ్ సెంటర్లకు అందించడం వీలవుతుందో లేదో చెప్పండి. వీలుకాకపోతే తర్వాతి ఉపగ్రహంలోనైనా ఆ ఏర్పాటు ఉండాలి.

జీపీఎస్ గురించి క్లుప్తంగా. గ్రిడ్ అంతటా ఓల్టేజీ కోణాన్ని ఒకే క్షణంలో కొలవడానికి పెట్టిన పీఎంయూలు జీపీఎస్ టైముతో నడుస్తాయి. టైములో ఒక్క మైక్రోసెకను తేడా వస్తే 50 హెర్ట్జ్ దగ్గర కోణంలో 0.018 డిగ్రీ తేడా. చిన్నదే, కానీ సిగ్నల్ పూర్తిగా పోతే తేడా పెరుగుతూ పోతుంది. జీపీఎస్ సిగ్నల్ దాటి రావాల్సిన పై వాతావరణ పొర, అయనోస్ఫియర్‌లో అలజడి మన అక్షాంశాల్లో సూర్యాస్తమయం తర్వాత ఎక్కువ. సాయంత్రం పీక్ లోడు కూడా అప్పుడే. సబ్‌స్టేషన్ క్లాకులకు జీపీఎస్ పోయినా గంటల తరబడి టైము నిలబెట్టే ఆసిలేటర్లు ఉన్నాయో లేవో ఒకసారి లెక్క తీయించండి.

సూర్యుడు గరిష్ఠ దశకు చేరాడని అమెరికా సంస్థలు నాసా, నోవా 2024 అక్టోబర్‌లో ప్రకటించాయి. ఇక తగ్గుముఖమే కదా అనుకోవద్దు. 2003 తుఫాను కూడా గరిష్ఠ దశ దాటిన తర్వాత వచ్చిందే.

ఇన్ని అడిగాను. కమిటీలకు, టెండర్లకు టైము పడుతుందని నాకు తెలుసు. టెండరు అక్కర్లేని పని ఒకటుంది. దేశంలో ప్రతి 400, 765 కేవీ ట్రాన్స్‌ఫార్మర్‌కు నూనెలో గ్యాసుల పరీక్ష, అదే డీజీఏ, క్రమం తప్పకుండా చేస్తారు. ఆ రిపోర్టులు ఫైళ్లలో ఉన్నాయి. 2024 మే 10కి ముందు తీసినవి, తర్వాత తీసినవి పక్కపక్కన పెట్టించండి. అదే ఏడాది అక్టోబర్ 10 తుఫానుకు కూడా అలాగే చెయ్యండి. హైడ్రోజన్, మీథేన్, ఇథిలీన్ ఎక్కడైనా ఎక్కాయో చూసి, ఆ రాత్రుల ఎంవార్ లాగ్‌షీట్లతో కలిపి చదివించండి. ఫలితం ఏదైనా సరే, ట్రాన్స్‌ఫార్మర్‌వారీగా అందరికీ కనబడేలా పెట్టండి. ఆ ఫైళ్లు తిరగేయడానికి మనుషులు చాలకపోతే హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో నాలాంటి రిటైరైన వాళ్లం చాలామందిమి ఉన్నాం. జీతం అక్కర్లేదు. ఒక టేబుల్, ఆ రిపోర్టుల కాపీలు ఇస్తే వచ్చి కూర్చుంటాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ట్రాన్స్‌మిషన్ ఇంజినీరు,
హైదరాబాద్